మూగబొమ్మల చాటింపు

సినిమాను మన పల్లెజనం చాలాకాలం 'బొమ్మ' అనే అన్నారు. 'ఊళ్ళో ఏం బొమ్మ ఆడుతోంది?', 'బొమ్మ బాగుందా?' అన్న ప్రశ్నలు వినని తెలుగువాడు ఉండడు. ప్రదర్శనకు 'ఆట' అన్నారు. మొదటి ఆట, రెండో ఆట, పగటి ఆట. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 'తోలుబొమ్మలాట' అనే సమాసంలో రెండూ ముందే ఉన్నాయి. సముద్రాలు దాటి వచ్చిన యంత్రానికి మనవాళ్ళు కొత్త పేరు వెదకలేదు, ఇంట్లో ఉన్న పేరుతోనే పిలుచుకున్నారు. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలచేత సమాసాలకు విగ్రహవాక్యాలు చెప్పించినవాణ్ణి గనుక నాకు ముందుగా మాటలే కనబడతాయి. అయితే ఈసారి ఆ మాటల వెనుక ఒక వ్యాపార సూత్రం కూడా కనబడింది. దాన్ని మిత్రులతో పంచుకోవాలని ఈ టపా.

విషయమేమిటంటే, మాటలు రాని రోజుల్లో, అంటే మూకీల కాలంలో, సినిమా తనను తాను ఎలా అమ్ముకొంది? తనతోపాటు ఇంకా ఏమేమి అమ్మింది? ఈనాడు పెద్ద చిత్రం విడుదలవుతున్నదంటే శీతలపానీయాల సీసాల మీద, బిస్కెట్టు పొట్లాల మీద, పిల్లల పుస్తకాల సంచుల మీద కథానాయకుడి ముఖం ప్రత్యక్షమవుతుంది. ఇది నిన్నమొన్నటి తెలివి అనుకుంటాం. కాదు, దీనికి నూరేళ్ళు దాటాయి. అయితే నూరేళ్ళ కిందట అమెరికాలో నడిచిన దారి వేరు, మన దక్షిణాదిలో నడిచిన దారి వేరు. ఆ తేడాయే ఈ వ్యాసానికి విషయం.

ముందు అమెరికా సంగతి. 1910లో కార్ల్ లెమ్లీ అనే నిర్మాత ఫ్లోరెన్స్ లారెన్స్ అనే నటిని తన సంస్థలోకి తెచ్చుకున్నాడు. ఇంతలో ఆమె ప్రమాదంలో చనిపోయిందని ఒక వార్త పుట్టింది. అది గిట్టనివాళ్ళు కల్పించిన అబద్ధమంటూ లెమ్లీ పెద్ద ప్రకటన వేయించాడు. ఆ పుకారు పుట్టించినదీ, దాన్ని ఖండించినదీ ఆయనేనని సినిమా చరిత్రకారులు చెబుతారు. ఏమైతేనేం, ఆ నటి పేరు జనం నోళ్ళలో పడింది. 1912లో ఎడిసన్ కంపెనీ, 'లేడీస్ వరల్డ్' అనే మాసపత్రిక జతకట్టి 'వాట్ హాపెన్డ్ టు మేరీ' అనే కథను నడిపించాయి. పత్రికలో కథ, తెరమీద బొమ్మ, నెలకొక భాగం. 1913 చివర 'ది అడ్వెంచర్స్ ఆఫ్ కాథ్లిన్' కోసం షికాగో ట్రిబ్యూన్ పత్రిక, 1914లో 'ది పెరిల్స్ ఆఫ్ పాలిన్' కోసం హర్‌స్ట్ పత్రికలు ఇదే పని చేశాయి. పత్రిక చదివినవాడు తెర దగ్గరికి, తెర చూసినవాడు పత్రిక దగ్గరికి. ఇద్దరు వర్తకులు ఒకే గిరాకీని పంచుకున్నారన్నమాట. 1915 నాటికి చార్లీ చాప్లిన్ జ్వరం పట్టుకుంది. ఆయన రూపంలో బొమ్మలు, ఆటవస్తువులు, ఆయన మీద కట్టిన పాటల కాగితాలు అంగళ్ళకు ఎక్కాయి. 1920ల దశకంలో ఫెలిక్స్ అనే గీతల పిల్లి కూడా తెర దిగి బొమ్మల కొట్టుకు చేరింది.

ఈ వ్యాపారం నడవాలంటే మూడు కావాలి. జనానికి చదువు ఉండాలి, చేతిలో కొంత చిల్లర మిగలాలి, వీధి చివర ఆ సరుకు దొరికే అంగడి ఉండాలి. యూనివర్సల్ సంస్థ 1916లోనే మన దేశంలో శాఖ తెరిచింది గనుక అమెరికా బొమ్మలు ఇక్కడికీ వచ్చాయి. మరి ఆ మూడూ ఇక్కడ ఉన్నాయా? 1921 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి ఏడుగురికి మాత్రమే అక్షరం వచ్చు. ఇక మా అనంతపురం సీమ సంగతి చెప్పనే అక్కరలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన, అదైనా వస్తే రాయి, రాకపోతే లేదు. కొర్రలో జొన్నలో ఇంటికి చేరితే ఆ ఏడు గడిచినట్టు. అణా ఖర్చు పెట్టి చాప్లిన్ బొమ్మ కొనే ఇల్లు ఇక్కడ ఎక్కడిది? పత్రిక చదివి తెర వెదుక్కుంటూ వచ్చే జనం ఎక్కడ?

అంటే మనవాళ్ళకు ప్రచారం తెలియదని కాదు. తెలిసిన తీరు వేరు. ఆ తీరు చూడాలంటే దాదాసాహెబ్ ఫాల్కే దగ్గరికి వెళ్ళాలి.

1913 మే 3వ తేదీన బొంబాయి కారొనేషన్ సినిమాటోగ్రాఫ్‌లో 'రాజా హరిశ్చంద్ర' విడుదలయింది. ఒక్క బొమ్మే చూపితే జనం సరిపెట్టుకోరేమోనని నాట్యం, హాస్య ప్రదర్శన, కాళ్ళతో వస్తువులు ఎగరవేసే గారడీ కూడా అదే టిక్కెట్టుకు కలిపి చూపించారు. ఆ తరువాత సూరతుకు వెళ్ళినప్పుడు ఫాల్కేకు మరో చిక్కు ఎదురయింది. అక్కడ రెండణాలిస్తే ఆరుగంటల నాటకం చూడవచ్చు. మూడణాలు తీసుకొని గంటా గంటన్నర బొమ్మ చూపిస్తానంటే ఎవరు వస్తారు? అప్పుడాయన వేసిన ప్రకటన ప్రసిద్ధమైనది. ఆటలో యాభై ఏడువేల ఫోటోలు ఉంటాయనీ, బొమ్మ పొడవు రెండు మైళ్ళనీ, ఇదంతా మూడణాలకేననీ దాని సారాంశం. కాలంతో కొలిస్తే ఓడిపోతాం గనుక ఫోటోల లెక్కతో, మైళ్ళతో కొలిచి చూపాడు.

పంతులుకు లెక్క కనబడితే సరిచూడక మానడు. ఆ కాలపు ఫిల్ము అడుగుకు పదహారు బొమ్మలు పడుతుంది. యాభై ఏడువేలను పదహారుతో భాగిస్తే సుమారు 3,560 అడుగులు. చిత్రం నిడివి 3,700 అడుగులని చరిత్ర పుస్తకాలు చెబుతున్నాయి. కాబట్టి ఫోటోల లెక్క నిజాయితీ గలదే. మరి రెండు మైళ్ళంటే 10,560 అడుగులు! అసలు బొమ్మ ముక్కాలు మైలు కూడా లేదు. ఒకే ప్రకటనలో ఒక అంకె సత్యహరిశ్చంద్రుడిది, పక్క అంకె నక్షత్రకుడిది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర దీనితో పని ఉంది.

ఫాల్కే సినిమాకు రాకముందు అచ్చుపని చేసినవాడు. రవివర్మ చిత్రాల ముద్రణాలయంలో పనిచేసి, తరువాత సొంతంగా ముద్రణాలయం నడిపాడు. 1894లో నెలకొన్న రవివర్మ ముద్రణాలయం పుణ్యమా అని లక్ష్మీ సరస్వతుల రంగుల పటాలు రాజభవనం నుంచి సామాన్యుడి గోడ మీదికి దిగివచ్చాయి. అప్పటికే ఇంటింటా ఉన్న దేవుడి పటం ఫాల్కే చేతిలో కదలడం నేర్చుకుంది. చూడవచ్చిన మనిషికి రాముడెవరో, కృష్ణుడెవరో ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. 'లంకాదహనం' (1917), 'శ్రీకృష్ణజన్మ' (1918), 'కాళీయమర్దన' (1919) – పేరు చెబితే చాలు, కథ ఆబాలగోపాలానికీ తెలుసు. అమెరికాలో సినిమా పుట్టాక దాని బొమ్మ అంగడికి వెళ్ళింది. ఇక్కడ అంగడిలో కొన్న పటం ముందు గోడ మీదికి వచ్చింది, దాని వెనకాల సినిమా వచ్చింది. వ్యాపారం తలకిందులుగా నడిచిందన్నమాట.

తెలుగువారి వైపు చూస్తే మొదట తలచుకోవలసిన పేరు రఘుపతి వెంకయ్య. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో పెట్టుకున్న మనిషి. ఆ స్టూడియోను తాకట్టు పెట్టి, బొమ్మతోపాటు గ్రామఫోను పలక మోగించే క్రోనోమెగాఫోన్ యంత్రాన్ని తెప్పించాడు. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలు మొదలుపెట్టి, డేరాతో ఊరూరా తిరిగి, సింహళానికీ బర్మాకూ వెళ్ళి చూపించాడు. తరువాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించాడు. ఆయన కుమారుడు రఘుపతి ప్రకాశ్ విదేశాల్లో ఈ విద్య నేర్చుకొని వచ్చి 1921లో 'భీష్మప్రతిజ్ఞ' మూకీ తీసి తానే భీష్ముడి వేషం వేశాడు. విజయవాడలో మారుతీ సినిమా హాలు వెలసినదీ ఆ 1921లోనే. తండ్రి చివరిరోజుల్లో ఉన్నదంతా పోగొట్టుకొని 1941లో కన్నుమూశాడు. చాలాకాలం తరువాత ప్రభుత్వం ఆయన పేరిట పురస్కారం నెలకొల్పింది.

అదే దారిలో నడిచిన తమిళుడు స్వామికన్ను విన్సెంటు. తిరుచిరాపల్లి రైల్వేలో గుమాస్తాగా ఉంటూ 1905లో డూపాంట్ అనే ఫ్రెంచివాడి దగ్గర సామగ్రి కొని డేరాతో బయలుదేరినవాడు. తరువాత కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టి, దానికి తెచ్చిన విద్యుత్తుతోనే బియ్యపు మర, అచ్చుయంత్రం కూడా నడిపాడు. బొమ్మలు చూపేవాడికి అచ్చుయంత్రమెందుకని ఆశ్చర్యపోకండి. మూకీల వ్యాపారానికి తెర ఎంత అవసరమో అచ్చుకాగితమూ అంతే అవసరం. ఆ కాగితమే కరపత్రం. మా సీమలో నోటీసు అంటాం.

దక్షిణాదిన మూకీల ప్రచారం ఇలా ఉండేది. ఎడ్లబండికి ఇరుపక్కలా తడికెలు కట్టి వాటి మీద బొమ్మల కాగితాలు అంటించేవారు. బండి మీద డప్పులో బ్యాండుమేళమో మోగుతుండేది. బండి వీధివీధీ తిరుగుతుంటే ఒకడు నోటీసులు పంచుతూ పోయేవాడు. నోటీసులో కథ క్లుప్తంగా ఉండేది. చదువు వచ్చినవాడు చదివితే పదిమంది చుట్టూ చేరి వినేవారు. ఆటలో తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడు, తెర మీది అక్షరాలను చదివి వినిపించేవాడు ఉండేవాడు. మధ్యలో కుస్తీపట్లో నాట్యమో పెట్టేవారు. చెవితో వినే జనానికి కంటితో చూసే వినోదాన్ని అమ్మడమంటే ఇదే. మూగబొమ్మకు చుట్టూ ఇంత మోత అవసరమయింది.

ఈ పద్ధతి సినిమావాళ్ళు కనిపెట్టినది కాదు. డప్పు చాటింపు గ్రామాలకు అనాదిగా ఉన్నదే. నోటీసు నాటకాలవాళ్ళది. మా అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడివడింది గాని నాటకాల విషయంలో చాలాకాలం బళ్ళారే మాకు రాజధాని. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ అక్కడివే. బళ్ళారి రాఘవగా లోకానికి తెలిసిన మహానటుడు 1880లో పుట్టింది మా తాడిపత్రిలో. నాటకం పేరు, పాత్రలు, పాత్రధారులు, టిక్కెట్టు తరగతులు, చివర 'తప్పక దయచేయ ప్రార్థన' అన్న ధోరణి – ఈ అచ్చు అంతా నాటకాలది. మూకీ వచ్చి ఆ మూసలో తన పేరు పోసుకొంది. మద్రాసు నుంచి రాయచూరు పోయే రైలుదారి 1871 నాటికే పూర్తయింది. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు ఆ దారిలోని స్టేషన్లే. సామగ్రినీ ఫిల్ముపెట్టెలనూ వెంటబెట్టుకొని తిరిగే డేరావాళ్ళకు ఆ రోజుల్లో రైలే ఆధారం. 1912లో తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డిగారి బాల్యమంతా మూకీల కాలమే.

ఇక నాకు అన్నిటికన్నా విశేషంగా తోచిన సంగతి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారి కుటుంబం తొలిసారి ఆడిన నాటకం 'కీచకవధ'. అదే సురభి సమాజానికి పుట్టుక. మద్రాసులో మోటారు వ్యాపారి నటరాజ మొదలియారు 1917-18 ప్రాంతాన తీసిన దక్షిణాది తొలి కథాచిత్రం 'కీచకవధం'. కీచకవధ ఉన్నది విరాటపర్వంలో. తిక్కనగారు భారతాంధ్రీకరణ ఆరంభించినదీ విరాటపర్వంతోనే. వానలు పట్టకపోతే ఊరివాళ్ళు చందా వేసుకొని విరాటపర్వం చదివించడం, తోలుబొమ్మలవాళ్ళ చేత ఆడించడం తెలుగునాట ఆచారం. విరాటుడి కొలువులో ధర్మరాజు ఉన్నంతకాలం ఆ దేశంలో సకాలంలో వానలు కురిశాయని కథ. కరువు ప్రాంతానికి ఇంతకు మించిన ఆకర్షణ ఏముంటుంది?

మొదలియారుగారు వాన కోసం ఆ కథ ఎంచుకున్నారని నేననను. ఒక ముక్క మాత్రం గట్టిగా చెప్పగలను. ఆ పేరు వినగానే మా సీమ మనిషికి తెరా యంత్రమూ గుర్తుకు రావు. మబ్బు గుర్తుకొస్తుంది, చెరువు గుర్తుకొస్తుంది, తెల్లవార్లూ మేలుకొని చూసిన తోలుబొమ్మలాట గుర్తుకొస్తుంది. అమెరికా నిర్మాత తన చిత్రాన్ని పత్రికతో జతపరిచాడు. ఇక్కడి నిర్మాత ప్రయత్నం లేకుండానే అతని చిత్రం వానతో జతపడి ఉంది. వేల ఏళ్ళుగా జనం పెంచుకున్న నమ్మకాన్ని సినిమా పైసా ఇవ్వకుండా వాడుకొంది. ఇది తప్పని అనడం లేదు. హరికథ, నాటకం, తోలుబొమ్మలు అందరూ ఆ నిధి నుంచే తీసుకున్నారు. అయితే తొలి సినిమాల విజయాన్ని యంత్రం గొప్పతనం కిందనే జమకట్టడం సరికాదు. అందులో ఊరి వాటా పెద్దది.

కాగితం కూడా క్రమంగా ఎదిగింది. కొల్హాపూరులో బాబూరావు పెయింటర్ తన మహారాష్ట్ర ఫిల్మ్ కంపెనీ చిత్రాలకు స్వయంగా పోస్టర్లు చిత్రించాడు. చిత్రవివరాలు, ఫోటోలు గల చిన్న పుస్తకాలు కూడా అచ్చువేసి పంచాడు. 1924 నాటి 'కల్యాణ్ ఖజినా' పోస్టరు మన దేశంలో మిగిలిన బొమ్మల పోస్టర్లలో మొదటిదిగా లెక్కకు వస్తుంది. 1932 ఫిబ్రవరి 6న 'భక్తప్రహ్లాద' విడుదలై తెలుగు తెర మాట్లాడడం మొదలుపెట్టాక ఆ చిన్న పుస్తకమే పాటల పుస్తకమయింది. సినిమాహాలు దగ్గర డబ్బిచ్చి కొని ఇంటికి తెచ్చుకొనే సరుకు మన జనానికి నిజంగా దొరికింది అప్పుడే. సబ్బు ప్రకటనలో సినిమాతార కనబడడానికి మరికొంత కాలం పట్టింది. 1941లో లీలా చిట్నీస్ లక్స్ సబ్బు ప్రకటనకు ఎక్కారు, భారతీయ తారల్లో ఆమే మొదలు.

మూకీల కాలంలో మాత్రం సామాన్యుడి చేతికి దక్కిన సరుకు ఒక్కటే, ఉచితంగా వచ్చే నోటీసు. దాని విలువ ఏపాటిదో మా తరం వాళ్ళకు తెలుసు. నా చిన్ననాటికి టూరింగు టాకీసుల బండికి మైకు వచ్చి చేరింది గాని తతంగమంతా పాతదే. గులాబి రంగు, పసుపు, లేత ఆకుపచ్చ పల్చటి కాగితాలు గాలిలోకి ఎగిరేవి. వాటి వెంట పరుగెత్తేవాళ్ళం. బొమ్మ చూస్తామని కాదు. నోటీసు ఒకవైపే అచ్చు, రెండోవైపు ఖాళీ. ఎక్కాలు రాసుకోవడానికి, పెద్దవాళ్ళు చీటీలు రాసుకోవడానికి, బాకీలు గుర్తుపెట్టుకోవడానికి ఆ ఖాళీ వైపు పనికొచ్చేది. తెల్లకాగితం కొనవలసిన వస్తువుగా ఉన్న ఇంట్లో దొరికిన కాగితాన్ని పారవేయరు. ప్రచారకర్త ఆశించింది ముందువైపు, మాకు పనికొచ్చింది వెనుకవైపు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మన దేశంలో 1,300కు పైగా మూకీలు తీశారని లెక్క. మిగిలినవి ముప్పయికి అటూ ఇటూ. వాటిలోనూ కొన్ని తునకలు మాత్రమే. 'కీచకవధం' లేదు. 'భీష్మప్రతిజ్ఞ' లేదు. నైట్రేటు ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనే జాతి, ఊరకే ఉంచినా కుళ్ళి పొడి అయ్యే జాతి. టాకీలు వచ్చాక మూకీలకు గిరాకీ పోయింది. ఫిల్ములోని వెండి కోసం కరిగించినవి కొన్ని. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడేనాటికే చాలావరకు నష్టం జరిగిపోయింది. దక్షిణాది మూకీల్లో దాదాపు పూర్తిగా మిగిలిన 'మార్తాండవర్మ' (1933) కథ వింటే ఆశ్చర్యం కలుగుతుంది. అది సి.వి. రామన్ పిళ్ళై నవల ఆధారంగా తీసినది. నవల హక్కులు తమవని తిరువనంతపురం ప్రచురణకర్తలు కోర్టుకెక్కారు. బొమ్మ ఆట ఆగిపోయింది, ప్రతి ఆ ప్రచురణకర్తల దగ్గరే పడి ఉంది. 1974లో భాండాగారం దాన్ని సేకరించింది. ఆడిన బొమ్మలన్నీ నశించాయి, తగాదాలో ఇరుక్కొని ఆడనిది బతికింది! పుస్తకానికీ సినిమాకూ కుదరని పొత్తు చరిత్రకు ఇలా మేలు చేసింది.

బొమ్మ పోయిన చోట మిగిలే సాక్షి కాగితమే. ఒక్క ఆట కోసం అచ్చయి, మర్నాడు చిత్తుకాగితం కావలసిన నోటీసే ఈనాడు ఆ బొమ్మకు జాతకం. ఏ ఊళ్ళో, ఏ డేరాలో, ఎన్ని అణాలకు, ఏ కథను, ఏ మాటలతో అమ్మారో చెప్పగలిగేది అదొక్కటే. మహానగరాల ఆటల గురించి ఇంగ్లీషు పత్రికల్లో రాశారు. గుంతకల్లులోనో హిందూపురంలోనో పడిన ఆట గురించి ఎవరు రాస్తారు? ఆ ఊరి అచ్చుకూటం వేసిన నోటీసు తప్ప.

అయితే పాత నోటీసు మీద ఒక చిక్కు ఉంటుంది. 'ఫలానా తేదీ శనివారం మొదలు' అని ఉంటుంది గాని సంవత్సరం ఉండదు. అచ్చువేసినవాడికి ఆ అవసరం లేదు. మనం చేయగలిగినది ఇది. తేదీ, వారం తెలిస్తే సంవత్సరాలు కొన్నిటికి కుదించవచ్చు. ఉదాహరణకు మే 3 శనివారం అయ్యేది 1913, 1919, 1924, 1930లలో. తెలుగు సంవత్సరం పేరో తిథో కూడా ఉంటే పంచాంగంతో తేలిపోతుంది. టిక్కెట్టు ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957కు ముందుది, నయాపైసలు వచ్చింది ఆ ఏడే. 'మాటలు, పాటలు గల' అని గొప్పగా చెప్పుకుంటే 1931 తరువాతది. కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో అచ్చుకూటం పేరు, ఊరు ఉంటాయి. 1867 నాటి చట్టం అచ్చయిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరు, ఊరు ఉండాలన్నది. చాలామంది కత్తిరించి పారేసే ఆ అడుగు పంక్తే చరిత్రకారుడికి మొదటి పంక్తి.

ఇంకొక హెచ్చరిక. నోటీసు సాక్షే గాని అతిశయోక్తి అలంకారం బాగా వచ్చిన సాక్షి. ఫాల్కేగారి రెండు మైళ్ళను మరవకండి. ధర, తేదీ, స్థలం విషయంలో నోటీసు అబద్ధమాడదు, ఆడితే మర్నాడు గేటు దగ్గర గొడవవుతుంది. పొగడ్తల విషయంలో దాన్ని నమ్మనక్కరలేదు. ఎంత పొగిడిందో, దేన్ని పొగిడిందో గమనిస్తే చాలు. ఆనాటి జనం దేనికి ఆశపడేవారో తెలుస్తుంది.

మా జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది (2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది). తోలుబొమ్మల కళాకారుల ఊరు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రాత్రంతా ఆడించే ఆటలు అరుదైపోయి, అదే తోలు మీద అదే రంగులతో దీపాల గొట్టాలు చేసి నగరాలకు అమ్ముతున్నారు. రాముడూ హనుమంతుడూ గదిలో దీపం చుట్టూ వెలుగుతున్నారు. ఆట తగ్గి సరుకు మిగిలింది. బతకాలి గనుక తప్పదు, ఆ చేతుల నైపుణ్యం నిలిచినందుకు సంతోషమే. మూకీలకు ఆ అదృష్టమూ లేదు. ఆటా పోయింది, అమ్ముకోదగిన సరుకూ లేదు. ఉన్నది ఆ పల్చటి కాగితమే.

కాబట్టి నా విన్నపం. మీ తాతగారి ట్రంకుపెట్టెలో, పాత పంచాంగాల మధ్య, పద్దుపుస్తకాల అట్టల లోపల ఒకసారి చూడండి. మా సీమ ఎండకు కాగితానికి బూజు పట్టదు, చెదలే శత్రువు. ఏదైనా దొరికితే పారదర్శక టేపు అంటించకండి, ప్లాస్టిక్కు పొరలో అతికించకండి. ఉతికిన నూలుగుడ్డలో చదునుగా పెట్టి, పక్కన ఒక కొలబద్ద ఉంచి ఫోటో తీయండి. అడుగు పంక్తి స్పష్టంగా పడాలి. ఆ కాగితం ఏ ఊళ్ళో, ఎవరింట్లో దొరికిందో రాసిపెట్టండి. ముఖ్యంగా వెనుకవైపు కూడా ఫోటో తీయండి. అక్కడ ఎవరో జొన్నల బాకీ రాసుకొని ఉంటారు, దాని కింద తేదీ ఉంటుంది. ముందువైపు చెప్పని సంవత్సరం వెనుకవైపు జొన్నల లెక్క చెప్పవచ్చు.